పన్ను తీసిన తరువాత

పాలపన్ను ఊడిన రోజు తెలుగువారి ఇళ్ళలో చిన్న వేడుక. ఊడిన పన్నును ఇంటి కప్పుమీదికి విసిరితే కొత్త పన్ను త్వరగా వస్తుందని పెద్దలు పిల్లలకు చెబుతారు. ఈ నమ్మకం వెనుక ఒక సత్యం ఉంది. పాలపన్ను కింద మరొక పన్ను తన వంతు కోసం వేచి ఉంటుంది. శాశ్వత దంతానికి మాత్రం అటువంటి వారసుడు లేడు. అది పోతే ఆ చోటు ఖాళీగా మిగిలిపోతుంది. అందువల్లనే పెద్దవారికి పన్ను తీయించుకోవడం అనగానే ఒకవైపు పోతున్నదన్న చింత, మరొకవైపు నొప్పి పుడుతుందేమోనన్న భయం కలుగుతాయి. ఈ భయంతోనే ఎందరో వైద్యుని వద్దకు వెళ్ళడాన్ని నెలల తరబడి వాయిదా వేస్తారు. కష్టాన్ని పంటి బిగువున ఓర్చుకోవడం గొప్ప గుణమని మన భాషలోని జాతీయం చెబుతుంది. కాని ఆ పన్నే కష్టానికి మూలమైనప్పుడు ఓర్చుకోవడం ధైర్యమనిపించుకోదు. అది ప్రమాదాన్ని చేజేతులా ఆహ్వానించడమే అవుతుంది.

మానవుని నోటిలో 32 శాశ్వత దంతాలు ఉంటాయి. గోడలో దిగగొట్టిన మేకు వలె పన్ను ఎముకలో బిగుసుకొని ఉంటుందని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. పంటి వేరుకూ దవడ ఎముకకూ నడుమ సన్నని నారపొర ఒకటి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతు మాత్రమే. అసంఖ్యాకమైన ఆ నారపోగులే పన్నును ఎముక గుంటలో వేలాడదీసి ఉంచుతాయి. గట్టి పదార్థాన్ని కొరికినప్పుడు ఆ ఒత్తిడి నేరుగా ఎముకకు తగలకుండా ఈ పొర మెత్తగా స్వీకరిస్తుంది. అన్నంలో చిన్న రాయి తగిలినా ఆ క్షణంలోనే తెలియడానికి కారణం ఈ పొరలో ఉన్న నాడుల కొసలే. దంతవైద్యుడు పన్నును తొలగించేటప్పుడు చేసే పని ఈ నారపోగులను విడదీయడం, గుంట అంచులను కొద్దిగా వెడల్పు చేయడం. 'పన్ను పీకడం' అన్నది వాడుకలో ఉన్న మాట. నిజానికి అందులో లాగడం తక్కువ, కదిలించడం ఎక్కువ. శాస్త్ర పరిభాషలో దీనినే దంతోత్పాటనం అంటారు.

పన్నును కాపాడుకోవడం సాధ్యమైనంత వరకు వైద్యులు దానిని తీయరు. పిప్పిపన్నును శుభ్రపరచి సిమెంటుతో నింపవచ్చు. పుచ్చు లోపలి దంతమజ్జ వరకు చేరితే వేరు కాలువలను శుభ్రం చేసే రూట్ కెనాల్ చికిత్స ఉంది. పన్ను పూర్తిగా శిథిలమైనప్పుడు, నిలువునా చీలినప్పుడు, చిగుళ్ళ వ్యాధి వల్ల ఆధారపు ఎముక కరిగిపోయినప్పుడు తొలగించక తప్పదు. జ్ఞానదంతాల విషయం మరొకటి. ఇవి సాధారణంగా 17 నుంచి 25 సంవత్సరాల మధ్య, అంటే కళాశాలలో చదువుకొనే వయస్సులోనే వస్తాయి. అప్పటికి దవడలో చోటు చాలకపోతే అవి పక్కకు ఒరిగి, చిగురులో సగం కూరుకొని ఉండిపోతాయి. పైనున్న చిగురు మడత కింద ఆహారం చేరి కుళ్ళుతుంది. చిగురు వాచి నోరు తెరవడమే కష్టమవుతుంది. ఇటువంటి బాధ మాటిమాటికీ వచ్చే జ్ఞానదంతాన్ని తీయించుకోవడమే మేలు.

తీయవలసిన పన్నును అలాగే వదిలివేస్తే ఏమవుతుంది? నొప్పి తనంతట తాను తగ్గిపోవచ్చు. చాలామంది దానిని నయం కావడంగా పొరబడతారు. లోపలి నాడి చనిపోయినందువల్ల నొప్పి తెలియదు. సూక్ష్మజీవులు మాత్రం వేరు కొసను దాటి ఎముకలో చీము పట్టిస్తూనే ఉంటాయి. కింది దవడ దంతాల నుంచి ఈ వ్యాధి నాలుక కింది భాగానికీ మెడకూ పాకితే, వాపు శ్వాసమార్గాన్ని మూసివేసే ప్రమాదం ఉంది. 1836లో జర్మనీ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రీడ్‌రిక్ ఫాన్ లుడ్విగ్ ఈ స్థితిని వర్ణించాడు. నేటికీ ఇది ప్రాణాపాయకరమే. ఒక చిన్న పంటి పట్ల చూపిన ఉపేక్ష ప్రాణం మీదికి తెచ్చేది ఈ విధంగానే.

పన్ను తీయడమనే పని అతి ప్రాచీనమైనది. సుశ్రుత సంహిత పేర్కొన్న శస్త్రాలలో దంతశంకువు ఒకటి. మధ్యయుగాలలో ఐరోపా ఖండంలో క్షురకులు కూడా పళ్ళు పీకేవారు. ఆనాటి పరికరాలు పంటితోపాటు ఒక్కొక్కసారి దవడ ఎముకను సైతం విరిచేవి. ఒక్కొక్క పంటి ఆకారానికి తగినట్లు పటకారును రూపొందించాలన్న ఆలోచనను 1840ల నాటికి ఇంగ్లండులో జాన్ టోమ్స్ అనే వైద్యుడు ఆచరణలోకి తెచ్చాడు. పరికరాలు మెరుగుపడినా నొప్పి మాత్రం మిగిలే ఉంది.

ఆ నొప్పిని జయించిన కథకు పుట్టినిల్లు కూడా దంతవైద్యమే. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో నైట్రస్ ఆక్సైడ్ వాయువుతో వినోద ప్రదర్శన ఒకటి జరిగింది. ఆ వాయువు పీల్చిన ఒక వ్యక్తి కాలికి గాయమైనా నొప్పి తెలియకపోవడాన్ని హోరెస్ వెల్స్ అనే దంతవైద్యుడు గమనించాడు. మరునాడే, డిసెంబరు 11న, తాను ఆ వాయువును పీల్చి, సహవైద్యుడైన జాన్ రిగ్స్ చేత తన జ్ఞానదంతాన్నే తీయించుకొన్నాడు. పరీక్షకు మరొకరిని కాక తననే అప్పగించుకొన్నాడు. అయితే 1845లో బోస్టన్ నగరంలో అందరి ఎదుట ఆయన చేసిన ప్రదర్శనలో రోగి అరవడంతో అవహేళన పాలయ్యాడు. ఆ తరువాత 1846 సెప్టెంబరు 30న విలియం మోర్టన్ అనే మరొక దంతవైద్యుడు ఈథర్ సహాయంతో నొప్పి తెలియకుండా పన్ను తీశాడు. అక్టోబరు 16న అదే ఈథర్‌ను మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఒక శస్త్రచికిత్సకు వినియోగించి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. నేడు గుండెకూ మెదడుకూ నిశ్చింతగా జరిగే శస్త్రచికిత్సలన్నీ ఒక పంటినొప్పికి ఎంతో కొంత రుణపడి ఉన్నాయి.

పన్ను తీయడానికి మనిషిని పూర్తిగా మత్తులో ఉంచవలసిన అవసరం క్రమంగా తొలగిపోయింది. 1884లో వియన్నా నగరంలో కార్ల్ కోలర్ కొకెయిన్ ద్రావణంతో కంటికి స్పర్శ తెలియకుండా చేసి చూపాడు. కొకెయిన్ వ్యసనంగా మారే పదార్థం కనుక శాస్త్రజ్ఞులు సురక్షితమైన మందులకై అన్వేషించారు. 1905 నాటికి ప్రొకెయిన్ వాడుకలోకి వచ్చింది. 1943లో స్వీడన్ శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్‌ను తయారు చేశాడు. నేటికీ మన దంతవైద్యాలయాలలో విరివిగా వాడే మందు ఇదే. నొప్పి కబురు నాడి వెంట విద్యుత్ సంకేతంగా మెదడుకు చేరుతుంది. ఆ సంకేతం సాగాలంటే సోడియం కణాలు నాడి గోడలోని ద్వారాల గుండా లోపలికి ప్రవేశించాలి. లిగ్నోకెయిన్ ఆ ద్వారాలను కొంతసేపు మూసివేస్తుంది. కబురు బయలుదేరిన చోటే ఆగిపోతుంది.

అయితే ఈ మందు సన్నని నొప్పి నాడులను తేలికగా ఆపుతుంది కాని, ఒత్తిడిని తెలిపే లావైన నాడులను పూర్తిగా ఆపలేకపోవచ్చు. పన్ను తీసేటప్పుడు నొప్పి లేకున్నా నొక్కుతున్నట్లు, కదులుతున్నట్లు అనిపించడానికి కారణం ఇదే. ఈ సంగతి ముందుగా తెలిసిన రోగి కంగారుపడడు. నిజంగా నొప్పి తెలిస్తే చేయి ఎత్తి చెప్పవచ్చు. వైద్యుడు ఆగి మరికొంత మందు ఇస్తాడు. చీము పట్టిన చోట ఆమ్లత్వం ఎక్కువ. అక్కడ ఈ మందు సరిగా పనిచేయదు. కొన్ని సందర్భాలలో వైద్యుడు ముందు చీము తీసి, కొన్ని రోజులు మందులు వాడి, ఆ తరువాత రమ్మనడం అందుకే.

తెలుగునాట ఈ విషయంలో బలంగా పాతుకుపోయిన అపోహ ఒకటి ఉంది. పై పన్ను తీయిస్తే కంటిచూపు మందగిస్తుందని అనేకులు నమ్ముతారు. కంటిచూపును మోసుకొనిపోయేది దృక్‌నాడి. పంటి స్పర్శను మోసుకొనిపోయేది త్రిధార నాడి. రెండూ వేరువేరు నాడులు. ఒకదానికి ఇచ్చిన మత్తుమందు గాని, ఒకదాని కొసన ఉన్న పన్ను తొలగింపు గాని చూపును తగ్గించవు. మరి ఈ నమ్మకం ఎలా పుట్టి ఉంటుంది? త్రిధార నాడి శాఖలు కంటి చుట్టుపక్కల కూడా వ్యాపించి ఉంటాయి కనుక పై పంటి నొప్పి కంటి వైపు లాగినట్లనిపిస్తుంది. పైగా పళ్ళు పాడయ్యే నడివయస్సులోనే చత్వారం కూడా వస్తుంది. ఒకే కాలంలో వచ్చిన రెండింటిని లోకం కార్యకారణాలుగా ముడిపెట్టి ఉండవచ్చు.

వైద్యుని కుర్చీలో కూర్చునే ముందు రోగి దాచకుండా చెప్పవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మధుమేహం, రక్తపోటు, గుండె కవాటాల జబ్బు, ఉబ్బసం, గర్భం, మందులు పడకపోవడం, పూర్వం గాయమైనప్పుడు రక్తం ఆగకపోవడం మొదలైనవన్నీ తెలియజేయాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు వాటిని తమంతట తాము మానరాదు. మానితే గుండెకు గాని మెదడుకు గాని ముప్పు రావచ్చు. ఆ నిర్ణయం వైద్యులదే. భయంతో ఉపవాసం ఉండి వెళ్ళడం కూడా తగదు. చిగురుకు మాత్రమే మత్తు ఇచ్చేటప్పుడు తేలికగా తిని వెళితే కళ్ళు తిరిగే అవకాశం తక్కువ. 'ఏ రాయి అయితేనేమి పళ్ళు రాలగొట్టుకోవడానికి' అని సామెత. కాని పన్ను తీయించుకోవడానికి ఏ చేయి అయినా సరిపోదు. శుభ్రపరచని పరికరం ద్వారా హెపటైటిస్ వంటి వ్యాధులు సంక్రమిస్తాయి. 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ భారతదేశంలో మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించాడు. ఆనాటికీ నేటికీ పరిస్థితి ఎంతో మారింది. హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. రోడ్డు పక్కన పళ్ళు పీకేవారిని ఆశ్రయించవలసిన అగత్యం లేదు.

పన్ను తీయడంతో వైద్యుని పని చాలావరకు ముగుస్తుంది. రోగి పని అప్పుడే మొదలవుతుంది. పన్ను ఉన్న చోట గుంట ఏర్పడి రక్తంతో నిండుతుంది. కొద్ది నిమిషాలలో రక్తంలోని ఫైబ్రిన్ అనే ప్రొటీను దారాల వలను అల్లుతుంది. ఆ వలలో రక్తకణాలు చిక్కుకొని ముదురు ఎరుపు గడ్డ తయారవుతుంది. చూడడానికి అది అసహ్యంగా ఉంటుంది. వేలితోనో నాలుకతోనో తొలగించాలనిపిస్తుంది. కాని ప్రకృతి స్వయంగా కట్టిన కట్టు అదే. కింద బయటపడిన ఎముకనూ నాడుల కొసలనూ అది కప్పి ఉంచుతుంది. కొత్త కణజాలం పెరగడానికి పునాది కూడా అదే. పన్ను తీసిన తరువాత పాటించవలసిన నియమాలు ఎన్ని ఉన్నా, చాలావాటి పరమార్థం ఒక్కటే: ఆ రక్తపు గడ్డను కదల్చకూడదు.

వైద్యుడు గుంటపై పెట్టిన గాజుగుడ్డను 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కొరికి ఉంచాలి. మాటిమాటికీ తీసి చూడరాదు. ఆ రోజంతా ఉమ్మిలో ఎర్రదనం కనిపించడం సహజం; కొద్ది చుక్కల రక్తమే నోటినిండా ఉన్న ఉమ్మిని ఎర్రగా చేస్తుంది. ఉమ్మిని మింగాలే గాని ఊయరాదు. ఉమ్మినప్పుడూ, పుక్కిలించినప్పుడూ, గొట్టంతో పానీయాన్ని పీల్చినప్పుడూ నోటిలో కలిగే ఒత్తిడి మార్పు గడ్డను పెకలిస్తుంది. కనుక మొదటి 24 గంటలు ఈ మూడు పనులూ కూడవు. పొగతాగడం ఇంకా హానికరం. పీల్చడం వల్ల గడ్డ కదులుతుంది. పొగలోని పదార్థాలు రక్తప్రసరణను తగ్గిస్తాయి. చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ అన్నింటినీ మానవలసిందే. చెంప బయట గుడ్డలో చుట్టిన మంచుముక్కలను పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి తీస్తూ ఉంటే వాపు తగ్గుతుంది. పడుకొనేటప్పుడు తలకింద మరొక దిండు వేసుకోవాలి. మత్తు పోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఈలోగా పెదవిని, చెంపను తెలియకుండా కొరుక్కొనే ప్రమాదం ఉంది కాబట్టి నమిలి తినే ఆహారానికి ఆగాలి.

ఆ తరువాత కూడా ఆహారం మెత్తగా, చల్లగా ఉండాలి. పెరుగన్నం, చల్లార్చిన రాగిజావ, మజ్జిగ, అరటిపండు, పాలలో నానిన ఇడ్లీ తగినవి. పొగలు కక్కే సాంబారు, వేడి టీ మొదటి రోజు పనికిరావు. వేడి తగిలితే రక్తస్రావం తిరిగి మొదలుకావచ్చు. ఆవకాయ, జంతికలు, వేరుసెనగలు కొద్దిరోజుల వరకు దూరంగా ఉండాలి. కారం మంట పుట్టిస్తుంది. పలుకులు గుంటలో చిక్కుకొంటాయి. రెండవవైపుతో నమలాలి. ఆకలితో మాడరాదు, నీరు తాగడం మానరాదు. మానడానికి శరీరానికి శక్తి కావాలి.

మరునాటి నుంచి గోరువెచ్చని నీటి గ్లాసులో అర చెంచా ఉప్పు కలిపి, భోజనం తరువాత నోటిలో మెల్లగా తిప్పి, నీరు దానంతట అది జారేటట్లు వదలాలి. గుంటను తాకకుండా మిగిలిన పళ్ళను యథాప్రకారం తోముకోవాలి. నొప్పికి వైద్యుడు రాసిన మాత్రలను మత్తు పూర్తిగా వదలకముందే వేసుకొంటే హాయిగా ఉంటుంది. ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది. దానిని చిగురుపై పెట్టుకొనే అలవాటు మరీ ప్రమాదం. అది కణజాలాన్ని కాలుస్తుంది. పక్కింటివారికి గుణమిచ్చాయని యాంటీబయోటిక్ మాత్రలు మింగడమూ తప్పే.

వాపు రెండు మూడు రోజుల వరకు పెరిగి ఆ తరువాత తగ్గడం ప్రకృతి ధర్మం. నొప్పి కూడా రోజురోజుకూ తగ్గాలి. అలా కాక రెండవ రోజుకో నాలుగవ రోజుకో నొప్పి ఒక్కసారిగా పెరిగి చెవి వైపు పాకితే, నోటికి దుర్వాసన, చేదు రుచి తోడైతే, రక్తపు గడ్డ పోయి ఎముక బయటపడిందని గ్రహించాలి. దీనినే ఎండిన గుంట అంటారు. కింది జ్ఞానదంతాలను తీసినప్పుడు, పొగతాగేవారిలో ఇది ఎక్కువ. భరించరాని బాధే అయినా చికిత్స సులభం. వైద్యుడు గుంటను కడిగి మందు పెడితే త్వరలోనే ఉపశమనం కలుగుతుంది. ఇవి గాక, అరగంట నొక్కిపట్టినా రక్తం ఆగకపోవడం, జ్వరం, మూడు రోజుల తరువాత కూడా పెరిగే వాపు కనిపిస్తే వెంటనే వైద్యుని చూడాలి. మింగడం గాని ఊపిరి గాని కష్టమైతే క్షణం ఆలస్యం చేయక పెద్ద ఆసుపత్రికి చేరాలి.

సుమారు ఒక వారంలో రక్తపు గడ్డ స్థానాన్ని లేత కణజాలం ఆక్రమిస్తుంది. మూడు నాలుగు వారాలలో చిగురు పైన మూసుకొంటుంది. లోపల ఎముక నిండడానికి కొన్ని నెలలు పడుతుంది. జ్ఞానదంతం పోయిన చోటును సాధారణంగా భర్తీ చేయనక్కరలేదు. ఇతర దంతాల విషయంలో మాత్రం ఖాళీని వదిలివేస్తే పక్క పళ్ళు ఒరుగుతాయి; ఎదుటి దవడ పన్ను కిందికో పైకో సాగుతుంది. కట్టుడు పన్ను, వంతెన, ఎముకలో అమర్చే ఇంప్లాంట్ అనే మార్గాలలో తగినదానిని వైద్యుని సలహాతో ఎన్నుకోవాలి.

గాయాన్ని మాన్పేది వైద్యుడు కాదు, రోగీ కాదు, శరీరమే. వైద్యుడు దానికి దారి చూపుతాడు. రోగి దానికి అడ్డురాకుండా ఉండాలి. వెల్స్ కాలంలో నొప్పిని జయించడానికి సాహసం కావలసి వచ్చింది. నేటి రోగికి కావలసినది సాహసం కాదు. సకాలంలో వైద్యుని చేరే వివేకం, ఆ తరువాత వారం రోజుల ఓర్పు. ఈ రెండూ ఉన్నవారికి పన్ను తీయించుకోవడం ఒక చిన్న జ్ఞాపకంగానే మిగులుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

దంతోత్పాటనం : పన్నును పెకలించడం
ఉపేక్ష : అశ్రద్ధ
చత్వారం : నడివయస్సులో దగ్గరి వస్తువులు స్పష్టంగా కనిపించకపోవడం
అగత్యం : అవసరం
పరమార్థం : అసలు ఉద్దేశం

ప్రశ్నలు

1. పన్ను తీసిన తరువాత పాటించవలసిన నియమాలను కారణాలతో వివరించండి.
2. నొప్పి తెలియని శస్త్రచికిత్సకు దంతవైద్యం పుట్టినిల్లు ఎలా అయిందో తెలపండి.
3. పై పన్ను తీయిస్తే చూపు మందగిస్తుందన్న నమ్మకం ఎందుకు సరికాదు?
4. రక్తపు గడ్డను 'ప్రకృతి స్వయంగా కట్టిన కట్టు' అనడంలోని ఔచిత్యం ఏమిటి?
5. సంధి విడదీసి పేరు రాయండి : దంతోత్పాటనం, వైద్యాలయం.
6. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి : రక్తస్రావం, శస్త్రచికిత్స.